ఉరిశిక్ష చర్చ – రావిశాస్త్రి ‘సారా కథలు’

రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన కథకుడు. ఆయన ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధ చట్టం నేపథ్యంలో వచ్చినవి కనుక, ఆ చట్టంతోనే వాటి ప్రాసంగికత ముగిసిందనుకునే వీలుంది. అది సరికాదు. వాటి అసలు వస్తువు సాక్ష్యం: దానిని ఎవరు తయారుచేస్తారు, దాని ఫలితం ఎవరు అనుభవిస్తారు అన్నది. జాలరిపేట వంటి వాడలలోని నిరుపేదకు చట్టం మొదట పోలీసు రూపంలోనే ఎదురవుతుంది.

ఈ దృష్టిని మరణశిక్ష చర్చకూ అన్వయించవచ్చు. హత్యానేరంపై శిక్షపడిన ఆదిలాబాదు జిల్లా నక్సలైట్లు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న, అత్యవసర పరిస్థితి కాలంలో, ముషీరాబాదు జైలులో ఉరితీశారు. మరణశిక్షకు ప్రత్యేక కారణాలు చూపాలని 1973 నేర విచారణ స్మృతి నిర్దేశించింది. 1980 నాటి బచన్ సింగ్ తీర్పు దానిని ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైన’ సందర్భాలకు పరిమితం చేసింది. ఈ రెండూ శిక్ష ఔచిత్యాన్ని తూచేవే గాని, సాక్ష్యం పుట్టుకను ప్రశ్నించేవి కావు.

హతుని కుటుంబం కోరే న్యాయం తోసిపుచ్చదగినది కాదు. సారా కేసుకూ హత్య కేసుకూ తీవ్రతలో పోలికా లేదు. అయినా రెండింటి సాక్ష్యమూ రూపొందేది ఒకే వ్యవస్థలో. జైలుశిక్షలోని పొరపాటును కొంతైనా సరిదిద్దవచ్చు; ఉరిలో ఆ అవకాశమే లేదు. మరణశిక్ష చర్చకు ఈ కథలు అందించే వాదం ఇదే.