సున్నా ఎక్కడ పెట్టారు? ఉచిత విద్యుత్ ప్రయోగాల కొలతలపై ఒక పరిశీలన

నాలుగు అయస్కాంతాలు, కొన్ని తీగచుట్టలు, ఒక పాత మోటారు తీసుకొని, ఖర్చయిన దానికంటే ఎక్కువ విద్యుత్తు పుట్టించామని చెప్పే ఇంటి ప్రయోగాలకు కొదవ లేదు. వీటికి సైన్సు చదువుకున్నవారు ఇచ్చే జవాబు సాధారణంగా ఒక్క వాక్యమే: శక్తి నిత్యత్వ సూత్రం దీనిని ఒప్పుకోదు. ఆ జవాబు నిజమే. కాని అది తీర్పే తప్ప విమర్శ కాదు. బల్బు వెలిగించగానే మోటారు వేగం పెరగడాన్ని కళ్లారా చూసినవాడికి ఆ తీర్పు ఏమీ వివరించదు. అతడు చూసినదేమిటి, చూశాననుకున్నదేమిటి, ఆ రెంటికీ తేడా ఎక్కడ వచ్చిందన్నది చెప్పగలిగినప్పుడే దానిని విమర్శ అనగలం. ఈ ప్రయోగాలలో చాలావాటికి మూలమైన లోపం మోసమూ కాదు, కూడికల తప్పూ కాదు. కొలత మొదలుపెట్టే సున్నాను వేరే చోట పెట్టడమే ఆ లోపమని ఈ వ్యాసంలో చూపదలచాను.

జెనరేటర్ ఎందుకు బరువెక్కుతుంది

తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లో చూపాడు. అలా పుట్టిన ప్రవాహం తనకు కారణమైన మార్పును ఎదిరించే దిశలోనే ఉంటుందని లెంజ్ 1834లో నియమంగా చెప్పాడు. కాబట్టి జెనరేటరుకు బల్బు తగిలించగానే ఇరుసు తిప్పడం కష్టమవుతుంది. ఆ ఎదురు లాగుడును జయించడానికి మనం చేసే పనే బల్బులో వెలుగుగా, వేడిగా బయటపడుతుంది. ఉచితశక్తి ప్రయోగాలు చేసేవారి ఆశంతా ఈ ఎదురు లాగుడు మీదే ఉంది. దీనిని తప్పించుకోగలిగితే విద్యుత్తు ఊరికే వస్తుందని వారి తర్కం.

అసలు ఆ లాగుడును గుర్తించడంలోనే మొదటి చిక్కు ఉంది. ఇనుప కోరు ఉన్న జెనరేటరును చేత్తో తిప్పితే, అయస్కాంతం కోరుకు అతుక్కుని గతుకుగతుకుగా కదులుతుంది. ఇది లెంజ్ చెప్పిన లాగుడు కాదు. అయస్కాంతం దగ్గరికి వచ్చేటప్పుడు ఇనుము ఎంత లాగుతుందో, దూరమయ్యేటప్పుడు అంతే వెనక్కి పట్టుకుంటుంది. పూర్తి చుట్టుకు సగటు సున్నా. ఈ గతుకులు పోయేలా అయస్కాంతాలను అమర్చి లాగుడును జయించామనుకుంటే, అసలు లాగుడును ముట్టుకోనట్టే.

లోడు పెడితే పెరిగే వేగం

కెనడాకు చెందిన థేన్ హైన్స్ 2008లో ‘పెరెపిటియా’ అనే యంత్రంతో వార్తలకెక్కాడు. జెనరేటరు చుట్టలకు లోడు తగిలిస్తే మోటారు నెమ్మదించడానికి బదులు వేగం పుంజుకుంటుందన్నది ఆయన ప్రదర్శన. ఆ తర్వాత ఎంతోమంది ఇంటి ప్రయోగశాలల్లో, సన్న తీగను వేల చుట్లు చుట్టి, ఇలాంటి ఫలితమే చూపారు. ఆ వేగం పెరగడం నిజం. దానికి చెప్పే భాష్యమే తప్పు.

చుట్ట తెరిచి ఉన్నప్పుడు, అంటే ఏ లోడూ లేనప్పుడు, కోరులోని అయస్కాంత అభివాహం నిరాటంకంగా అటూ ఇటూ మారుతూ ఉంటుంది. కోరు ఒక మామూలు ఇనుప బోల్టయితే, అందులో సుడి ప్రవాహాలు పుట్టి వేడెక్కుతుంది. ఇనుములోని శైథిల్య నష్టం దానికి తోడు. అంటే లోడు లేకపోయినా లాగుడు ఉంది. ఇప్పుడు చుట్టను షార్ట్ చేస్తే, అందులో పారే ప్రవాహం కోరులోని అభివాహాన్ని తగ్గిస్తుంది. దానితో ఇనుములోని నష్టమూ తగ్గుతుంది. తక్కువ వేగంలో తీగ నిరోధానిదే పైచేయి కాబట్టి రోటరు మామూలుగానే నెమ్మదిస్తుంది. వేగం పెరిగేకొద్దీ చుట్ట ప్రేరకత ప్రవాహాన్ని ఒక హద్దులో పట్టి ఉంచుతుంది. అప్పుడు తీగలో కొత్తగా పుట్టిన నష్టం కంటే ఇనుములో మిగిలిన నష్టం ఎక్కువై, రోటరు వేగం అందుకుంటుంది. ఇక్కడ లెంజ్ నియమం ఓడిపోలేదు. కోరులో అభివాహం తగ్గింది ఆ నియమం వల్లనే.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. వేగం మారకుండా ఉంచి, ఇరుసుకు అందుతున్న సామర్థ్యాన్ని కొలిచామనుకోండి. చుట్టలు, కోర్లు అన్నీ తీసేసినప్పుడు గాలికి, బేరింగులకు 40 వాట్లు. కోర్లు పెట్టి చుట్టలు తెరిచి ఉంచితే 70 వాట్లు. బల్బు తగిలిస్తే 66 వాట్లు, బల్బు తీసుకునేది 9 వాట్లు. ప్రయోగకర్త 70 నుంచి లెక్క మొదలుపెడతాడు: బల్బు వెలిగింది, ఖర్చు 4 వాట్లు తగ్గింది! 40 నుంచి మొదలుపెడితే కథ మారిపోతుంది. జెనరేటరు భాగం 26 వాట్లు తిని 9 వాట్లు ఇచ్చింది. దాని దక్షత సుమారు 35 శాతం. మొత్తం యంత్రం దక్షత 14 శాతానికి లోపే.

ఈ వివరణను పరీక్షించడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. బోల్టు తీసేసి, సిలికాన్ ఉక్కు పల్చటి రేకులు పేర్చిన కోరు పెడితే చాలు. లోడు లేనప్పటి నష్టం తగ్గుతుంది, దక్షత పెరుగుతుంది, ‘అద్భుతం’ మాత్రం కుంచించుకుపోతుంది. జెనరేటరు ఎంత బాగుపడితే అద్భుతం అంత సన్నగిల్లుతుందంటే, ఆ అద్భుతం ఆ లోపానికి నీడ మాత్రమేనని అర్థం.

ఏది కొలవాలి

ఇలాంటి ప్రదర్శనల్లో తరచు కనిపించేవి రెండే మీటర్లు: మోటారు తీసుకునే ఆంపియర్లు, రోటరు వేగం. రెండూ లాగుడును నేరుగా చెప్పవు. తక్కువ లోడు మీద నడిచే ఇండక్షన్ మోటారు ప్రవాహంలో ఎక్కువ భాగం పని చేయని ప్రవాహమే. ఆంపియర్లను ఓల్టులతో గుణిస్తే వాట్లు రావు. ఇక ఉత్పత్తి వైపు, తెరిచి ఉన్నప్పటి ఓల్టులను షార్ట్ చేసినప్పటి ఆంపియర్లతో గుణించడం మరో పరిపాటి. 100 ఓల్టులు, 1 ఆంపియర్ చూపే చుట్టకు 100 ఓమ్‌ల అంతర్నిరోధం మాత్రమే ఉందనుకుంటే, అది బయటి లోడుకు ఇవ్వగలిగే గరిష్ఠ సామర్థ్యం 25 వాట్లే. షార్ట్ చేసినప్పుడు లోడుకు అందేది అక్షరాలా సున్నా.

నేరుగా కొలవవలసింది టార్క్. మోటారును దాని బేరింగుల మీదే స్వేచ్ఛగా ఊగేలా బిగించి, 25 సెంటీమీటర్ల చేయి కట్టి, దాని కొసను వంటింటి తూకం మీద ఆనించవచ్చు. నిమిషానికి 1500 చుట్ల వద్ద తూకం 400 గ్రాములు చూపితే, ఇరుసుకు అందుతున్నది సుమారు 154 వాట్లు. తూకంలో 10 గ్రాముల పొరపాటు దాదాపు 4 వాట్ల పొరపాటు. పై ఉదాహరణలో చెప్పుకున్న ‘లాభం’ అంతా ఇందులోనే మునిగిపోగలదు!

జూల్ పెట్టిన సున్నా

ఇంటి ప్రయోగాలను చులకన చేసేవారు గుర్తుంచుకోవలసిన మనిషి జేమ్స్ జూల్. ఆయన సాల్ఫర్డ్‌లో బీరు తయారీదారు కొడుకు, విశ్వవిద్యాలయ పట్టా లేనివాడు. విద్యుత్ మోటారు ఆవిరియంత్రాన్ని తోసిరాజంటుందని మొదట ఆశపడ్డవాడే. కొలిచి చూశాక, బ్యాటరీలో కరిగే జింకు బొగ్గుకంటే ఖరీదని తేలింది. 1843లో, 24 ఏళ్ల వయసులో, ఆయన నీటి గొట్టంలో పెట్టిన తీగచుట్టను బలమైన విద్యుదయస్కాంత ధ్రువాల మధ్య తిప్పి, నీటి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో కొలిచాడు. తిప్పడానికి కిందికి దిగే బరువులను వాడాడు. అంటే అది జెనరేటరు లాగుడు మీద చేసిన ప్రయోగమే.

ఆయన సున్నా ఎక్కడ పెట్టాడన్నది ఇక్కడ ముఖ్యం. విద్యుదయస్కాంతానికి బ్యాటరీ తీసేసి, అదే వేగంతో తిప్పడానికి ఎంత బరువు కావాలో విడిగా చూసి, దానిని తీసివేశాడు. ఇనుములో పుట్టే వేడిని వేరుగా పరీక్షించాడు. ఒక పౌను నీటిని ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ వేడి చేయడానికి 838 ఫుట్-పౌన్ల పని కావాలని ఆయనకు వచ్చిన లెక్క. ఇప్పటి విలువ 778. దాదాపు 8 శాతం తేడా. లాగుడులో పోయిన పని మాయం కాలేదనీ, అంతా వేడిగా తేలిందనీ చెప్పడానికి ఆ కొలత చాలింది. ఈనాటి ప్రయోగకర్త అయస్కాంతాన్ని అలాగే ఉంచి, తీగను మాత్రం విప్పి, దానినే సున్నా అంటున్నాడు. ఆయన పద్ధతికీ దీనికీ తేడా అంతే.

మరోవైపు, అమెరికాలో జోసెఫ్ న్యూమన్ తన యంత్రానికి పేటెంటు కోసం కోర్టుకెక్కితే, 1986లో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ దానిని పరీక్షించింది. పరీక్షించిన ప్రతి పరిస్థితిలోనూ ఇచ్చినదానికంటే వచ్చినది తక్కువేనని తేల్చింది. సూత్రం వల్లించి పంపేయకుండా కొలిచి చెప్పడం వల్లనే ఆ జవాబుకు విలువ వచ్చింది.

ఇంధనం అక్కరలేని జెనరేటరులో డబ్బు పెట్టవచ్చునా అని, విదేశంలో ఉన్న ఇంజనీరు బంధువును అడిగేవారు మనలో చాలామందికి ఉంటారు. నవ్వి ఊరుకుంటే వారు మనను వదిలి, అమ్మేవాడి మాటే వింటారు. అంతకంటే మూడు ప్రశ్నలు వారి చేతికివ్వడం మేలు. కోర్లు, చుట్టలు పూర్తిగా తీసేసినప్పుడు ఎంత ఖర్చయింది? ఇరుసు మీద టార్క్ కొలిచారా? లోడులో పుట్టిన వేడిని, వాటి ఓల్టులూ ఆంపియర్లతో కాక, నీళ్లలో ముంచి కొలిచారా? ఈ మూడింటికీ జవాబులు వచ్చేదాకా డబ్బు సంచిలోనే ఉండాలి.