కోత కన్న స్తంభం

స్కాట్లండుకు ఉత్తరాన ఓర్క్నీ దీవుల్లో హోయ్ ఒకటి. దాని పడమటి కొండచరియకు ఎదురుగా, సముద్రంలో ఒంటరిగా, 137 మీటర్ల ఎర్రని ఇసుకరాతి స్తంభం నిలబడి ఉంది. పేరు ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హోయ్. ఎంత ఎత్తు, ఎంత సన్నం, ఎంత నిటారు! అద్భుతరసానికి ఇంతకన్నా ఆలంబనం ఏం కావాలి?

చూపును మెల్లగా పైకి పాకనివ్వండి. అడుగున నల్లని బసాల్టు లావా పీఠం. దాని మీద సుమారు 38 కోట్ల ఏళ్ళనాటి ఇసుకరాయి, పొర మీద పొర. మెత్తని పొరను గాలీ ఉప్పునీరూ లోపలికి తినేస్తే, గట్టి పొర చూరులా ముందుకు నిలిచింది. ఒక గీత వెలుగు, ఒక గీత నీడ. అడ్డంగా పొరల లయ, నిలువుగా నెర్రెల బిగువు.

అల ముందు వెతికేది నెర్రెనే. అందులోకి దూరి, లోపలి గాలిని నొక్కి, రాతిని విప్పుతుంది. నెర్రె గుహవుతుంది. గుహ ఆవలికి తొలుచుకుంటే తోరణం. తోరణం కప్పు కూలితే స్తంభం. సముద్రం ఇక్కడ తన ఊహను రాతిమీద రుద్దలేదు; రాతిలో ఉన్న గీతల వెంటే కోసుకుంటూ పోయింది. అందుకే ఇంత పోగొట్టుకున్నా ఈ రూపం నిండుగానే ఉంది.

1750 నాటి పటంలో ఇక్కడ కొండకొమ్మే తప్ప స్తంభం లేదు. మన దేశపు గుళ్ళనూ కోటలనూ చిత్రాలకెక్కించిన విలియం డేనియల్, 19వ శతాబ్దం తొలినాళ్ళలో దీన్ని గీశాడు. అప్పటికింకా లావుగా, అడుగున తోరణంతో, రెండు కాళ్ళ మీద ఉంది. తర్వాత ఒక కాలిని సముద్రం పట్టుకుపోయింది. రాయి ఎంత పాతదో, రూపం అంత పడుచుది.

1966లో పర్వతారోహకులు క్రిస్ బానింగ్టన్, రస్టీ బెయిలీ, టామ్ పేటీ తొలిసారి దీని శిఖరం చేరారు. వాళ్ళ వేళ్ళకు పట్టు దొరికింది ఆ పొరల అంచుల్లోనూ నెర్రెల్లోనూ. అలకు దారిచ్చినవే మనిషికీ దారిచ్చాయి.

ఇప్పుడు దక్షిణ ముఖం మీద, పైనుంచి దాదాపు 40 మీటర్ల పగులు దిగి ఉంది. ఎప్పుడో ఒకనాడు ఇది కూలుతుంది. హోయ్‌లోని ర్యాక్‌విక్ నుంచి నడిచి ఆ చరియకు చేరే భాగ్యం కలిగితే, శిఖరంతోపాటు ఆ పగులునూ తనివితీరా చూడండి. ఈ సొగసును కన్నది అలాంటి పగుళ్ళే.