ఇది ఏనాటి స్కాట్స్‌మన్?

మా ఇంటి అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టిన బొమ్మ ఇంజిన్లన్నిటి పేరూ ఒక్కటే: ఫ్లయింగ్ స్కాట్స్‌మన్. చూడవచ్చినవాళ్లు రంగుల తేడా పసిగడతారు, కొందరు నంబర్ల తేడా కూడా. ఆ తర్వాత అడిగేది మాత్రం ఒకే మాట: "ఒకే ఇంజిన్‌ని ఇన్నిసార్లు కొనడమెందుకండీ?" కొన్నవి ఒకే ఇంజిన్ కావు. ఆ సంగతే ఈ వారం చెప్పాలని ఉంది.

నైజెల్ గ్రెస్లీ రూపకల్పన చేసిన అసలు ఇంజిన్ 1923 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్ కార్ఖానాలో తయారైంది. అప్పటికి దాని నంబరు 1472, పేరు లేదు. మరుసటేడు వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనకు ముస్తాబు చేసినప్పుడు 4472 అనే నంబరుతోపాటు పేరూ వచ్చింది. 1928లో లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా 392 మైళ్లు మధ్యలో ఎక్కడా ఆగకుండా నడపాలనుకున్నారు. అన్ని గంటలు ఒకే డ్రైవరు, ఒకే ఫైర్‌మన్ పనిచేయలేరు కదా. అందుకని బొగ్గూ నీళ్లూ మోసే టెండర్‌లో ఒక పక్కగా 18 అంగుళాల వెడల్పున దారి వదిలారు. రైలు పరుగెత్తుతుండగానే రెండో జట్టు పెట్టెలోంచి ఒంగి నడిచి ఇంజిన్‌లోకి చేరేది. 1934 నవంబరు 30న ఈ ఇంజిన్ గంటకు 100 మైళ్ల వేగం అందుకుంది. యుద్ధకాలంలో నల్లరంగు పూసుకుంది. 1947లో ఇంకా ఎక్కువ పీడనంతో పనిచేసే బాయిలర్ అమర్చారు. రైల్వేలు జాతీయమయ్యాక నంబరు 60103 అయింది. 1959లో జంట పొగగొట్టం పెట్టారు. ఆ పొగ డ్రైవరు చూపుకి అడ్డురాకుండా 1961లో ముందువైపు రెండు పక్కలా రేకులు బిగించారు. 1963లో సర్వీసు నుంచి తప్పించారు.

ఇదంతా తెలిస్తే బొమ్మను చూసే చూపే మారుతుంది. మోడల్ చేతికి రాగానే నేను ముందు టెండర్ చూస్తాను. బొగ్గు జారిపోకుండా పైన కడ్డీల వరస ఉంటే అది వెంబ్లీ నాటి రూపం. తర్వాత పొగగొట్టం కిందుండే పొగపెట్టె పక్కలు చూస్తాను. అక్కడ చిన్న ఉబ్బులాంటి మూత కనిపిస్తే బాయిలర్ 1947 తర్వాతిది. చివరగా పొగగొట్టం ఒంటిదా జంటదా అన్నది. ఈ మూడూ కుదిరితే ఏడాది దాదాపు తేలిపోతుంది.

చిక్కంతా ఆ తర్వాతి కాలంతోనే. 1963లో ఏలన్ పెగ్లర్ 3000 పౌండ్లకు ఈ ఇంజిన్ కొని, మళ్లీ ఆపిల్ గ్రీన్ రంగు వేయించి, 4472 నంబరూ ఒంటి పొగగొట్టమూ పెట్టించారు. బాయిలర్ మాత్రం కొత్తదే ఉండిపోయింది. 2004లో యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియం చేతికి వచ్చేసరికి అదే ఆపిల్ గ్రీన్ మీద, అదే 4472 మీద జంట పొగగొట్టం ఉంది. అలాంటి మోడల్‌ను చూసి తప్పులతడక అనేవాళ్లున్నారు. కానీ ఇంజిన్ నిజంగా అలాగే పట్టాల మీద నడిచింది. ఆ రూపాన్ని నేను వెంబ్లీ రూపం పక్కనే, అంతే గౌరవంగా పెట్టుకున్నాను. రెండూ తమ తమ ఏడాదికి నిజాయితీగా ఉన్నాయి. నేను కోరేది ఆ నిజాయితీనే.

ఈ వరసలో తయారీదారుల చరిత్ర కూడా ఉంది. ట్రైయాంగ్ హార్న్‌బీ వాళ్లు 1968లో ఈ ఇంజిన్‌ని బొమ్మగా తెచ్చారు. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన చేసే ఈ బొమ్మలకు పట్టాల మధ్య దూరం 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. ఉన్నది 16.5 మాత్రమే. నా దగ్గరున్నవన్నీ ఆ ఇరుకు పట్టాల మీదే నిలబడతాయి. కొన్ని పాతవాటిలో మోటారు టెండర్‌లో ఉండి ఇంజిన్‌ని వెనకనుంచి నెడుతుంది. బాయిలర్ పక్కన కడ్డీ కూడా ప్లాస్టిక్ అచ్చులోనే పోసి ఉంటుంది. ఈ శతాబ్దంలో వచ్చినవాటిలో మోటారు ఇంజిన్‌లోకి చేరింది, కడ్డీ విడి తీగ అయింది. నిజమైన ఆవిరితో నడిచేది కూడా హార్న్‌బీ చేసింది. పట్టాల్లోంచి వచ్చే కరెంటు టెండర్‌లోని నీళ్లను మరిగిస్తే ఆ ఆవిరి ఇంజిన్‌ని నడుపుతుంది. మొదట్లో పిల్లల చేతులు తట్టుకునేలా చేసిన వస్తువు క్రమంగా పెద్దల కళ్లకు నచ్చేలా మారిన తీరు ఈ ఒక్క వరసలో కనిపిస్తుంది.

అసలు ఇంజిన్ 2016లో మళ్లీ ఆవిరి పోసుకుని మెయిన్ లైన్ ఎక్కింది, ఈసారి 60103గా. రూపం మారిన ప్రతిసారీ అది తన కాలపు అవసరానికి ఇచ్చిన జవాబే: వేగానికో, యుద్ధానికో, అభిమానుల కోరికకో. ఏది అసలు స్కాట్స్‌మన్ అని అడిగితే ఏ ఒక్కదాన్నీ చూపించలేను. వరసంతా చూపించాలి. అందుకే ఇన్ని కొన్నాను. కొత్తగా ఈ దారిలోకి వచ్చేవారికి నేను చెప్పేది ఒకటే: దుకాణంలో ధర అడిగే ముందు ఇది ఏ ఏటిదో అడగండి. ఆ ఏటి ఫొటో ఒకటి దొరికేదాకా డబ్బు తీయకండి.