దొంగ అయితే సరేనా?
("జై భీమ్" సినిమా, మాయమైన మనుషులు, మన చప్పట్లు)

"జై భీమ్" సినిమా 2021 నవంబర్ 2న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. తమిళంతో పాటు తెలుగు మాటలతోనూ వచ్చింది. మా బొంగులూరు వాడలో మేమందరం కలిసి చూసింది మాత్రం మరుసటి యేడు అంబేద్కర్ జయంతి రాత్రి. గోడకు తెల్లదుప్పటి కట్టి, కిరాయి ప్రొజెక్టర్ తెచ్చి, సాగర్ రోడ్డు మీద పోయే లారీల మోత నడుమ చూసినం. స్టేషన్లో రాజాకన్నును కొడుతుంటే ఆడవాళ్ళు మొఖాలకు కొంగులు అడ్డం పెట్టుకున్నరు. చివరికి పోలీసులకు శిక్ష పడ్డప్పుడు పోరగాళ్ళు ఈలలేసిన్రు. నేను కూడా చప్పట్లు కొట్టిన. సినిమా అయిపోయి దుప్పటి విప్పుతుంటే మా చిన్నమ్మ ఒక్కమాట అడిగింది.

"అంతా మంచిగనే వుంది గని బిడ్డా, గాయన నిజంగనే దొంగతనం జేసుంటే? అప్పుడు సంపుడు సరేనా?"

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్ల డిగ్రీ దాటి చదివిన మొదటివాణ్ణి నేనే. రాజ్యహింస మీద సెమినార్లలో పేపర్లు చదివిన. అయినా బడి మొఖం చూడని చిన్నమ్మ వేసిన ప్రశ్న నాకు ముందు ఎందుకు తట్టలేదు? ఆ ప్రశ్నను పట్టుకొని ఈ సినిమాను మళ్ళీ చదివే ప్రయత్నమే ఈ వ్యాసం.

సినిమా వెనుక వున్న అసలు కథ 1993 నాటిది. తమిళనాడు కడలూరు ప్రాంతంలో కురవ కులానికి చెందిన రాజాకన్నును దొంగతనం అనుమానం మీద పోలీసులు పట్టుకుపోయారు. తర్వాత తప్పించుకొని పారిపోయాడని చెప్పారు. భార్య పార్వతి నమ్మలేదు. కమ్యూనిస్టు కార్యకర్తలు తోడు నిలబడితే మద్రాసు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ పడింది. వాదించిన వకీలు కె. చంద్రు, ఆ తర్వాత అదే కోర్టులో జడ్జి అయ్యాడు. మనిషి ప్రాణంతో దొరకలేదు. లాకప్పులో చావగొట్టి శవాన్ని వేరేచోట పడేశారని తేలింది. పోలీసులకు శిక్షలు పడటానికి ఏండ్లు పట్టింది. దర్శకుడు టి.జె. జ్ఞానవేల్ ఈ కథను తీసుకొని, కురవలను ఇరుళలుగా మార్చి సినిమా తీశాడు.

ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది మొదటి సన్నివేశం. జైలు గేటు ముందు విడుదలైన ఖైదీలను నిలబెట్టి కులం అడుగుతారు. పై కులాల వాళ్ళను ఇంటికి పొమ్మంటారు. కింది కులాల వాళ్ళను పక్కకు నిలబెట్టి, పెండింగు కేసులు మీద వేయడానికి పోలీసులకు అప్పజెబుతారు. అక్కడ ఎవరూ నువ్వు దొంగతనం చేసినవా లేదా అని అడగరు. కులం తెలిస్తే చాలు, నేరం దానంతటదే వస్తుంది. దళిత, ఆదివాసీ, సంచార కులాల అనుభవం మొత్తం ఆ కొద్ది నిమిషాల్లో వుంది.

కానీ సినిమా ఆ సన్నివేశం చెప్పిన నిజం మీద నిలబడలేదు. కథ నడిచేకొద్దీ కులం అడిగిన ప్రశ్న వెనక్కు పోయి, ఇతను అమాయకుడన్న ప్రశ్న ముందుకు వచ్చింది. రాజాకన్ను పాములు పట్టేవాడు, కష్టజీవి, భార్యను ప్రేమించేవాడు, పరాయి సొమ్ము ముట్టనివాడు. అతను దొంగ కాదని ప్రేక్షకుడికి మొదటినుంచీ తెలుసు. కాబట్టి మన కన్నీళ్ళకు అడ్డం లేదు. మంచివాడిని చంపారు కాబట్టి పోలీసులు దుర్మార్గులు. మరి అతను నిజంగానే ఒక నగ తీసి వుంటే? ఆ చోటుకు సినిమా పోదు. ప్రేక్షకుణ్ణి కూడా పోనియ్యదు.

ఇది చిన్న లోపం కాదు. కురవలంటే మన దగ్గర ఎరుకలవాళ్ళకు దగ్గరివాళ్ళు. 1871 నేరస్త జాతుల చట్టం ఇటువంటి కులాలను పుట్టుకతోనే దొంగలుగా రాసుకుంది. మన స్టూవర్టుపురం 1913లో అట్లాగే ఏర్పడ్డ సెటిల్‌మెంట్. చట్టం 1952లో పోయింది గానీ పోలీసుల చూపు పోలేదు. ఎవరు దొంగ, ఎవరు అమాయకుడు అని తేల్చే కలం తరతరాలుగా ఎవరి చేతిలో వుందో తెలిసి కూడా, అమాయకులను మాత్రమే చంపొద్దు అని మనం వాదిస్తే ఆ కలానికే మళ్ళీ అధికారం ఇచ్చినట్టు.

మాయమైన మనుషుల గురించి మన దేశంలో వచ్చిన పేరున్న రచనలు చాలావరకు ఈ దారిలోనే నడిచాయి. 1976 మార్చి 1న కాలికట్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. కక్కయం క్యాంపులో చంపారు. శవం ఇప్పటికీ దొరకలేదు. తండ్రి ఈచర వారియర్ హిందీ ప్రొఫెసర్. ఎమర్జెన్సీ ముగిసినాక హైకోర్టుకు పోయి కొడుకును చూపించమన్నాడు. ఆ కేసు దెబ్బకు 1977లో కరుణాకరన్ ముఖ్యమంత్రి పదవి వదలాల్సి వచ్చింది. వారియర్ మలయాళంలో రాసిన జ్ఞాపకాల పుస్తకం చదివినవాళ్ళు మర్చిపోరు. ఆ దుఃఖం ముందు నేను తల వంచుతాను. కానీ ఒక సంగతి చెప్పక తప్పదు. చదువుకున్న తండ్రి, చదువుకుంటున్న కొడుకు, ఏ పాపం ఎరుగని కొడుకు. లోకం వినడానికి ఇవన్నీ పనికొచ్చాయి. అంత చేసినా ఆయనకు కొడుకు శవం దక్కలేదు. ఇవేవీ లేనివాళ్ళ సంగతి ఏమిటి?

తెలుగులో మనకు ఇంకో సంప్రదాయం వుంది. ఎన్‌కౌంటర్ల మీద, మిస్సింగుల మీద ఇంత సాహిత్యం వచ్చిన భాషలు దేశంలో తక్కువ. 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం, తర్వాత బాలగోపాల్ వంటివాళ్ళు, సాయుధుడైన నక్సలైటును కూడా పట్టుకొని చంపే హక్కు పోలీసులకు లేదని ఏండ్ల తరబడి వాదించారు. అది చెప్పినందుకు 1985లో వరంగల్‌లో డాక్టర్ రామనాథం ప్రాణం పోయింది. ఆ వాదన లేకపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణే కాదు. అయితే మన కవిత్వం ఆ వాదనను అంతటికీ విస్తరించలేదు. అది అమరుడి మీద పాట కట్టింది. సినిమా అమాయకుడి మీద కన్నీళ్ళు పెట్టింది. అమరుడూ కాని, అమాయకుడూ కాని మా వాడ మనిషికి ఏ సాహిత్యంలోనూ చోటు దొరకలేదు.

ఆ మనిషి మా చిన్నాయన. నా చిన్నప్పటి సంగతి. ఒక రైతు బాయి కాడ మోటరు కాపరు వైరు పోయింది. ఇద్దరు మఫ్టీలో వచ్చి చిన్నాయనను జీపులో ఎక్కించుకొని పోయిన్రు. ఏ స్టేషన్‌కో మాకు ఇప్పటికీ తెలియదు. మా నాయిన రెండు స్టేషన్లు తిరిగిండు. రెండు చోట్లా "మా దగ్గర లేడు పో" అన్నరు. నాలుగోనాడు తెల్లారగట్ల చిన్నాయన రోడ్డు పొంటి నడుచుకుంట వచ్చిండు. కుడిచేయి పైకి లేవలేదు. డప్పు కొట్టుడు ఆనాటితో బంద్. ఆ నాలుగు రోజులు ఏ రిజిస్టర్లోనూ లేవు.

మా ఇంట్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే వైరు తీసింది నిజంగా చిన్నాయనే. చిన్నమ్మకు తెలుసు, అందరికీ తెలుసు. తప్పు మనది, ఎవరికి చెప్పుకుంటం అని నోరు మూసుకున్నరు. వైరు తీసినందుకు కేసు పెట్టొచ్చు, కోర్టు శిక్ష వేయొచ్చు. చేయి విరగ్గొట్టే శిక్ష ఏ చట్టంలోనూ లేదు. ఆ మాట మాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అంబేద్కర్ జయంతి రాత్రి చిన్నమ్మ అడిగిన ప్రశ్న అక్కడినుంచి వచ్చింది.

ఇప్పుడు మన చప్పట్ల సంగతి. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపారు. శవాన్ని షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాల్చారు. ఆ ఘోరాన్ని తక్కువ చేసి చెప్పే మాట ఏదీ నా దగ్గర లేదు. లారీల మీద పనిచేసే నలుగురిని పట్టుకున్నారు. వాళ్ళను జైలునుంచి కస్టడీకి తీసుకొని, ఒక గెస్ట్ హౌస్‌లో వుంచి, డిసెంబర్ 6 తెల్లవారుజామున అదే చటాన్‌పల్లికి తీసుకుపోయి కాల్చి చంపారు. తుపాకులు గుంజుకున్నారు, ఎదురుకాల్పులు జరిగాయి అన్నారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. చటాన్‌పల్లి, బొంగులూరు రెండూ రంగారెడ్డి జిల్లాలోనివే. మా వాడ పోరగాళ్ళు పటాకులు కాల్చిన్రు. డిసెంబర్ 6 అంబేద్కర్ వర్ధంతి అన్నది కూడా ఆ రోజు ఎవరికీ గుర్తు లేదు. హాస్టల్లో నా చేతిలో మిఠాయి పెడితే నేను తీసుకున్న. "జై భీమ్"కు ఈలలేసింది కూడా ఆ పోరగాళ్ళే, చప్పట్లు కొట్టింది కూడా ఆ నేనే.

సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022 జనవరిలో నివేదిక ఇచ్చింది. మే 20న అది బయటకు వచ్చింది. పోలీసుల కథనం నమ్మదగింది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని కమిషన్ చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా తేల్చింది. సుప్రీంకోర్టు దాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. మా వాడలో సినిమా చూసి అప్పటికి నెల దాటింది. సినిమా గురించి ఇంకా మాట్లాడుకుంటున్న మాలో ఒక్కరు కూడా ఆ నివేదిక గురించి నోరు తెరవలేదు.

అదే 2019 నవంబర్‌లో, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరు తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక దళిత స్త్రీ మీద అత్యాచారం చేసి చంపారు. సమత పేరుతో ఆ కేసు మనకు తెలుసు. ఆమె కోసం పూలు చల్లేంత కోపం నగరానికి రాలేదు. దళిత సంఘాలు పోరాడాయి. ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న తీర్పు చెప్పి ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. ఉరిశిక్ష మీద మనలో భేదాభిప్రాయాలు వుండొచ్చు. కానీ విచారణ జరిగింది, సాక్ష్యం రికార్డయింది, ఎవరు చేశారో కాగితం మీదకు వచ్చింది. షాద్‌నగర్‌లో తుపాకీ ఆ పని జరగకుండా చేసింది. చనిపోయిన ఆ డాక్టరమ్మకు దక్కాల్సిన విచారణను కూడా పోలీసులే మింగేశారు.

షాద్‌నగర్ పూర్తి అర్థంలో అదృశ్యం కాదు, ఎవరి చేతిలో వున్నారో అందరికీ తెలుసు అని కొందరు మిత్రులు అనొచ్చు. నిజమే. కానీ మనిషిని చట్టం చూపుకు అందకుండా దాచిపెట్టి, తర్వాత తమ కథ చెప్పడం రెంటిలోనూ వుంది. 2006 డిసెంబర్ 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక బలవంతపు అదృశ్యాన్ని నిర్వచించింది. రాజ్యం మనుషులు ఒకరిని పట్టుకుపోవడం, ఆ తర్వాత మా దగ్గర లేడనడమో, ఏమయ్యాడో ఎక్కడున్నాడో దాచడమో చేయడం, అట్లా అతన్ని చట్టం రక్షణకు బయట పడేయడం. యుద్ధమైనా, ఎమర్జెన్సీ అయినా దీనికి సాకు కాదని కూడా చెప్పింది. ఆ నిర్వచనంలో అమాయకుడు అన్న మాట ఎక్కడా లేదు. నాలుగు రోజులైతేనే లెక్క అని కూడా లేదు. మా చిన్నాయన అందులో పూర్తిగా ఇముడుతాడు. భారతదేశం 2007లో దాని మీద సంతకం చేసింది గానీ ఆమోదించి అమలుకు తేలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఇది ప్రత్యేక నేరంగా లేదు.

మన దగ్గర ఏమీ లేదని కాదు. డి.కె. బసు కేసులో 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు 11 నియమాలు పెట్టింది. అరెస్టు చేసినప్పుడు మెమో రాయాలి, ఇంటివాళ్ళో ఊరి పెద్దమనిషో సంతకం చేయాలి, ఎక్కడ వుంచారో దగ్గరివాళ్ళకు చెప్పాలి. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి, ఎన్‌కౌంటర్ మరణం మీద కేసు నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిందేనని చెప్పింది. అంతకుముందు వాడుక ఏమిటంటే చచ్చినవాళ్ళ మీదనే కేసు రాయడం. సుప్రీంకోర్టు ఆ తీర్పును ఆపి, 2014లో తన మార్గదర్శకాలు ఇచ్చింది. వీటిల్లో ఎక్కడా "అమాయకులకు మాత్రమే" అని లేదు. ఆ షరతు పెట్టుకున్నది మనమే.

"జై భీమ్" చివరి దృశ్యంలో రాజాకన్ను బిడ్డ వకీలు ఎదురుగా కుర్చీలో కాలు మీద కాలేసుకొని పేపరు చదువుతుంది. చూసినప్పుడు నాకు కూడా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఆ బిడ్డకు కుర్చీ దొరకడం మంచిదే. కానీ జైలు గేటు కాడ పక్కకు నిలబెట్టిన ఆ మనుషులు ఏమయిన్రు? వాళ్ళ కోసం ఏ చంద్రూ రాలేదు. సినిమా తన మొదటి సన్నివేశానికి జవాబు బాకీ పడింది.

మా ఇబ్రహీంపట్నం ప్రాంతానికి ఒక చరిత్ర వుంది. 1980లలో ఇక్కడ వ్యవసాయ కూలీ సంఘం నడిచింది. వెట్టిలో వున్న జీతగాళ్ళు విడుదల కోసం, కూలి కోసం, భూమి కోసం కొట్లాడిన్రు. ఆ పోరాటంలో వున్న గీతా రామస్వామి 2022లో తన జ్ఞాపకాలు రాశారు. ఆ రోజుల్లో మాదిగ, మాల కూలీలు పట్వారి ముందు నిలబడి పహాణీ చూపించమని అడగడం నేర్చుకున్నరు. మనిషిని పట్టుకపోతే మాత్రం కాగితం అడగడం మేము నేర్చుకోలేదు. దొంగ కాకపోతే అడుగుదాం, దొంగ అయితే ఊకుందాం అనుకున్నం.

కార్యకర్తలు, విద్యార్థులు, పంతుళ్ళు చదివే పత్రిక ఇది, కాబట్టి చేయాల్సిన పనితోనే ముగిస్తాను. వాడలో ఎవరినైనా పట్టుకపోతే ముందు అతను చేసిండా లేదా అని పంచాయితీ పెట్టొద్దు. ఏ టైముకు, ఏ బండిలో, ఎవరు, ఎక్కడికి అని రాసుకోవాలి. అరెస్టు మెమో అడగాలి. ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టారా అని అడగాలి. దొంగతనం సంగతి కోర్టులో తేలుతుంది.

చిన్నమ్మకు ఈ వ్యాసం చదివి వినిపించిన. చిన్నాయన సంగతి రాసుడు ఇష్టమేనా అని అడిగిన. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. "రాయి. వైరు తీసిండని గూడ రాయి" అన్నది.