లెక్క చదివే విద్య

హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఖాతా పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు కలిపి రూ.5,361 కోట్లు. అందులో రూ.5,040 కోట్లు అసలు లేనేలేవని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాసి ఒప్పుకున్నారు. లేని డబ్బుకు రూ.376 కోట్ల వడ్డీ కూడా చూపించారు. ఆ కంపెనీని చూసి గర్వపడిన తెలుగువాళ్లు ఒక్కరోజులో నిర్ఘాంతపోయారు.

షేర్ మార్కెట్ కొలువుల గురించి చెప్పాలంటే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. రేపు ధర ఎంతవుతుందో చెప్పేవాడే విశ్లేషకుడని మన పిల్లలు చాలామంది అనుకుంటున్నారు. కంపెనీ చూపిన లెక్క నమ్మదగిందో కాదో తేల్చడం ఆ వృత్తికి ప్రాణం. ధర సంగతి ఆ తర్వాతే.

దానికో పద్ధతుంది. లాభనష్టాల పట్టిక, ఆస్తి అప్పుల పట్టీ, నగదు రాకపోకల పట్టిక ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకోవాలి. కాగితం మీద లాభం ఏటా పెరుగుతూ చేతికి డబ్బు రావడం లేదంటే సరుకు అరువు మీద పోతుండొచ్చు. అమ్మకాలకన్నా రావలసిన బాకీలు వేగంగా పెరుగుతుంటే ఆగి ఆరా తీయాలి. ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టారా, సొంతవాళ్ల కంపెనీలకు డబ్బు మళ్లిస్తున్నారా, ఆడిటర్ నివేదిక అడుగున ఏం రాశాడు అన్నవీ చూడాలి. సత్యం బోర్డు 2008 డిసెంబరు 16న రాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామంది. మదుపరులు తిరగబడితే వెంటనే వెనక్కు తగ్గింది. లేఖ బయటపడటానికి మూడు వారాల ముందే ఆ సూచన అందరి కళ్ల ముందూ ఉంది.

లెక్క కుదిరాక విలువ కట్టాలి. బెంజమిన్ గ్రాహమ్, డేవిడ్ డాడ్ 1934లో రాసిన ‘సెక్యూరిటీ అనాలిసిస్’ ఈ విద్యకు పునాది. మన అంచనా తప్పే అవకాశం ఎప్పుడూ ఉంటుంది గనుక, కట్టిన విలువకన్నా బాగా తక్కువకు దొరికితేనే కొనాలన్నది గ్రాహమ్ నేర్పిన జాగ్రత్త.

కనిగిరి దగ్గర హనుమంతునిపాడులో పొగాకు రైతు ఇంట పుట్టిన కుర్రాడికి ఇదంతా దూరపు సంగతేం కాదు. కనిగిరి, పొదిలి వేలం కేంద్రాల్లో పొగాకు కొనే ఐటీసీ షేర్ మార్కెట్‌లో నమోదైన కంపెనీయే. దాని వార్షిక నివేదిక నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆకు ధర పెరిగిన ఏడు కంపెనీ ఖర్చు ఎంత పెరిగింది? సిగరెట్ల మీద పన్ను పెంచితే లాభం ఏమైంది? ఐదేళ్ల నివేదికలు వరసగా చదివితే జవాబులు దొరుకుతాయి. ఏ గ్రేడుకు గిరాకీ ఉంది, ఎన్ని బేళ్లు కొనేవాళ్లు లేక నో బిడ్ అయ్యాయి అన్నవి ముంబై విశ్లేషకుడు ఎవరినో అడిగి తెలుసుకోవాలి. ఈ కుర్రాడికి ఇంట్లోనే తెలుస్తాయి.

ఈ కొలువుల కోసం నగరానికే పోనక్కర్లేదు. 1943లో మొదలైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయింది. అప్పటికే వ్యాపారమంతా కంప్యూటర్ తెర మీదికి వచ్చేసింది గనుక ఇప్పుడు కనిగిరిలో కూర్చునీ ఈ పని చేయొచ్చు. బ్రోకింగ్ సంస్థలో డీలర్‌గా చేరొచ్చు, సంస్థ తరఫున ఆథరైజ్డ్ పర్సన్‌గా సొంత ఊళ్లోనే ఆఫీసు పెట్టొచ్చు, రీసెర్చ్ అనలిస్ట్ కావొచ్చు. డెరివేటివ్స్ డీలర్లకు ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ 8, అనలిస్టులకు సిరీస్ 15 పరీక్షలున్నాయి. సిరీస్ 15లో 60 శాతం రావాలి. డిగ్రీకి తోడు సీఏ, ఎంబీఏ ఫైనాన్స్ లాంటివి ఉంటే పెద్ద సంస్థల తలుపులు తెరుచుకుంటాయి.

ఈ వృత్తికి కట్టుబాట్లూ గట్టివే. ఖాతాదారు చెప్పనిదే డీలర్ ఆర్డర్ పెట్టకూడదు. చెప్పినట్టు ఆధారం ఉండాలి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014 నాటి నిబంధనల ప్రకారం, అనలిస్ట్ తాను సిఫారసు చేసే షేరును నివేదికకు 30 రోజుల ముందు నుంచి 5 రోజుల తర్వాత దాకా సొంతానికి కొనకూడదు, అమ్మకూడదు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష డెరివేటివ్స్, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ దగ్గర ఎదురవుతుంది. 2021-22 నుంచి మూడేళ్లలో వీటిలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024లో సెబీ అధ్యయనం తేల్చింది. పోయిన సొమ్ము రూ.1.8 లక్షల కోట్లకు పైమాటే. ఖాతాదారు ఎంత ఎక్కువ ఆడితే బ్రోకర్‌కు అంత రాబడి. అలాంటి చోట “వద్దన్నా, ఇది మీకు సరిపడదు” అనగలిగినవాడే ఈ వృత్తికి గౌరవం తెస్తాడు.

అగ్రిగోల్డ్ సంస్థ డిపాజిట్ పథకాల్లో రూపాయి రూపాయి కట్టి పోగొట్టుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. డబ్బు కట్టేముందు “దీనికి సెబీ అనుమతి ఉందా? ఇస్తామంటున్న లాభం ఏ వ్యాపారంలోంచి వస్తుంది?” అని అడిగే మనిషి ఊరికొకరు ఉంటే ఎన్నో ఇళ్లు నిలబడేవి. అందుకే కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు కాలేజీల్లో డిగ్రీ చదివే ప్రతి విద్యార్థి చేతా ఒక్క కంపెనీ వార్షిక నివేదికనైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివించాలి. వారిలో కొందరికి అది ఉద్యోగమవుతుంది. మిగతావాళ్లు కూడా తమ ఇంటి కష్టార్జితాన్ని కాపాడుకోగలుగుతారు.