అడవి మందు – అడవి ఋణము

కడప జిల్లాలో వేంపల్లెకు చేరువగా, కొండల నడుమ, ఇడుపులపాయ కలదు. వేసవిలో అచ్చటికి పోయినవానికి పచ్చదనము కంటె రాతి ఎరుపే ఎక్కువగా కనబడును. కొండపాదమున ముండ్ల పొదలు, వాటి మధ్య బోడినేల, అక్కడక్కడ నెమలి కూత. చిత్రకారులు కోరుకొను అడవి ఇది కాదు. అయినను ఈ కొండల దాపున వెలసిన సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణమునందు పరీక్షలతో అలసిన విద్యార్థి సాయంకాలము అటువైపు కొంతదూరము నడచి వచ్చినచో అతని తల తేలికపడును. గండి వద్ద పాపఘ్ని నది కొండను చీల్చుకొని పోవుచోట కాసేపు కూర్చున్న యాత్రికునికిని అట్లే తోచును. ఈ అనుభవమును కాదనువారు లేరు. విమర్శింపదగినవి ఆ అనుభవమునకు శాస్త్రము పేరిట నేడు చెప్పబడుచున్న కారణములు.

ఈ విషయమున తరచుగా ఉదాహరింపబడునది అమెరికా శాస్త్రజ్ఞుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ‘సైన్స్’ పత్రికయందు ప్రకటించిన చిన్న వ్యాసము. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుండి 1981 వరకు పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన రోగుల రికార్డులను ఆయన పరిశీలించెను. కిటికీగుండా చెట్లు కనబడు గదులలో నున్నవారు 23 మంది. ఇటుకగోడ మాత్రమే కనబడు గదులలో నున్నవారు 23 మంది. వయస్సు మొదలగు విషయములలో పోలిక గలవారిని జంటలుగా తీసికొనెను. చెట్లను చూచినవారు సగటున 7.96 దినములలోను, గోడను చూచినవారు 8.70 దినములలోను ఇంటికి పోయిరి. మొదటివారికి తీవ్రమైన నొప్పిమందుల అవసరము కూడ తగ్గెను.

పరిశోధన పొందికైనదే. అయితే దానినుండి ఏమి తేలినది? చెట్టు మేలు చేసెనా, లేక గోడ కీడు చేసెనా? గోడకు బదులు రద్దీగానున్న బజారు కనబడినచో రోగి మరింత త్వరగా కోలుకొనియుండవచ్చునేమో! ఆ ప్రశ్నకు ఈ 46 మంది సమాధానము చెప్పజాలరు. ఉల్రిచ్ ఈ జాగ్రత్తను పాటించెను. ఆయన వ్యాసము నుదాహరించువారిలో అనేకులు పాటింపలేదు.

మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రేచెల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ దంపతులు 1989లో ప్రకటించిన గ్రంథమున ఇంకొక మెట్టు ఎక్కిరి. పనిమీద పట్టుబట్టి నిలుపు శ్రద్ధ కండరమువలె అలసిపోవుననియు, ఆకు కదలిక, మబ్బు నడక వంటివి ఆ శ్రద్ధను బలవంతపెట్టక తమంత తామే ఆకర్షించి దానికి విశ్రాంతి నిచ్చుననియు వారి వాదము. లెక్కలతో కుస్తీపట్టిన విద్యార్థికి ఈ మాట వెంటనే మనసున కెక్కును. ఈ వాదములన్నిటిలో ఇదియే ఉత్తమమని చెప్పవచ్చును; ఏలయనగా ఇది చెట్టును మంత్రదండముగా చేయక, చూచువాని మనస్సులో జరుగుదానిని వివరింప యత్నించినది.

తరువాత వచ్చినది మోతాదుల యుగము. 1982లోనే జపాను అటవీశాఖ ‘అరణ్యస్నానము’ అను పేరును ప్రచారములోనికి తెచ్చియుండెను. 2019లో ఇంగ్లండునందలి సుమారు 20,000 మంది చెప్పిన సమాధానములను గుణించి, వారమునకు 120 నిమిషములు ప్రకృతిలో గడుపువారు తమ ఆరోగ్యము బాగున్నదని ఎక్కువగా చెప్పుచున్నారని తేల్చిరి. ఆరోగ్యము బాగున్నవాడే ఎక్కువగా బయట తిరుగును గదా! ఏది కారణము, ఏది కార్యము అను చిక్కును ఆ పరిశోధకులే ఒప్పుకొనిరి. కాని పత్రికల శీర్షికలకు ఎక్కినది 120 అను అంకె మాత్రమే.

లెక్కల లోపములు సరిదిద్దుకొనదగినవి. అసలు లోపము మరియొకటి కలదు. ఈ పరిశోధనలన్నియు అడుగు ప్రశ్న ఒక్కటే: మనిషికి ఏమి ముట్టినది? అడవి ఇచ్చట ఔషధము, మనిషి రోగి. మందుకు మోతాదు ఉండును గాని దానిపట్ల కృతజ్ఞత ఉండదు. మాత్ర మ్రింగినవాడెవడును మాత్రకు నమస్కరింపడు. అయినను ఈ వ్యాసములను తెనుగు చేయువారు చివర ‘ప్రకృతికి కృతజ్ఞులమై యుందము’ అని ఒక వాక్యము చేర్చుట పరిపాటి. ఆ వాక్యము పై వాదమునుండి పుట్టినది కాదు, అతికించినది. కృతజ్ఞత యను మాటకు చేసిన మేలును ఎరుగుట అని అర్థము. ఎరుక అందులోనే యున్నది. ఎవరు ఏమి చేసిరో తెలియనివానికి సంతోషము కలుగవచ్చును. కృతజ్ఞత ఎట్లు కలుగును?

ఇడుపులపాయ రాళ్ళనే చూడుడు. భూగర్భశాస్త్రమున ఈ ప్రాంతపు శిలావరుసలకు ఊళ్ళ పేర్లే పెట్టబడినవి. విలియం కింగ్ 1872లో ప్రకటించిన కడప, కర్నూలు శిలల వర్ణనము నేటికిని విద్యార్థులకు మూలగ్రంథము. అడుగున గువ్వలచెరువు పేర గట్టి ఇసుకరాయి, దానిపైన వేంపల్లె పేర సున్నపుజాతి రాయి. వయస్సు దాదాపు 190 కోట్ల సంవత్సరములు, లేదా అంతకు మించి. వేంపల్లె రాతిలో అనేకచోట్ల పొరమీద పొరగా, కోసిన ఉల్లిగడ్డవలె, వంపు గీతలు కనబడును. అవి లోతులేని సముద్రములో సూక్ష్మజీవులు జిగురువంటి పొరలుగా పెరుగుచు కట్టిన కట్టడములు. ఆ జీవులలో సూర్యరశ్మితో ఆహారము చేసికొని ప్రాణవాయువును విడుచునవి ముఖ్యమైనవి. అట్టి జీవుల కృషివల్లనే భూమి గాలిలో ప్రాణవాయువు చేరినది. కొండవద్ద గుండెనిండ గాలి పీల్చుకొని ‘హాయిగా నున్నది’ అనువాడు, కాలిక్రింది రాయి ఎవరి పని యో తెలిసికొన్నచో, ఆ హాయికి ఒక చిరునామా దొరకును. ఈ వేంపల్లె శిలలయందే పులివెందులకు సమీపమున తుమ్మలపల్లెవద్ద యురేనియము త్రవ్వబడుచున్నది. కాబట్టి ఆ రాయి పేరు విననివారుండరు, అయితే విన్నది అందులోనుండి తీయదగిన సరకు కారణముగా.

మందుగా చూచు దృష్టికి ఇంకొక దోషము గలదు: అది కంటికింపైన అడవినే ఎన్నుకొనును. ముండ్లపొదల నేలకు దానిలో మార్కులు రావు. బంజరు అని వ్రాసి విడిచిపెట్టిన అట్టి నేలయే కలివికోడికి ఇల్లు. ఇడుపులపాయ నుండి తూర్పుగా పోయి, కడప పట్టణమును దాటి, పెన్నకు ఆవలనున్న లంకమల కొండలపాదమున దీని కథ జరిగినది. రొమ్మున రెండు గోధుమరంగు పట్టెలు, పెద్ద కండ్లు గల ఈ రాత్రి పక్షిని మద్రాసు సైన్యమున వైద్యుడుగా నుండిన జెర్డన్ వెలుగులోనికి తెచ్చెను. 1848లో శాస్త్రీయనామము ఏర్పడినది. 1900 తరువాత అది ఎవరికిని కనబడలేదు. నశించెననియే అనుకొనిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అన్వేషణ సాగించుచుండగా, సిద్ధవటము ప్రాంతపు పక్షివేటగాడొకడు దానిని రాత్రి దీపపు వెలుగున పట్టి తెచ్చెను. పండితులు 86 ఏండ్లు ఎరుగని పక్షిని ఆ పల్లెవాసి ఎరుగును. పేరు పెట్టి పిలుచును కూడ. ఆ పక్షి మాత్రము బ్రతుకలేదు. తనను చూచినవారి ఆనందమునకు మూల్యము అది చెల్లించినది.

తరువాత అచ్చట అభయారణ్యము ఏర్పడినది. పొదల నడుమ మెత్తని మట్టి పరచి, తెల్లవారి అడుగుజాడలను వెదకు పద్ధతిని పరిశోధకులు అనుసరించిరి. హెక్టారుకు 300 నుండి 700 వరకు పెద్ద పొదలున్నచోట ఈ పక్షి జాడలు ఎక్కువగా కనబడినవి. పొదలు మరీ చిక్కబడినను, మరీ పలుచబడినను దానికి సరిపడదు. మితముగా మేయు మందలు, మితముగా కట్టె కొట్టుకొను పల్లెలు ఆ తీరును నిలిపియుంచుటకు తోడ్పడవచ్చును. మితిమీరినచో అదియే నాశనము. ఈ ఒక్క ఫలితము రోగి–మందు అను పోలికను తలక్రిందులు చేయుచున్నది. ఇచ్చట మనిషి వచ్చి పుచ్చుకొని పోవువాడు కాడు. అతని మేకలు, అతని కత్తి కూడ అడవి లెక్కలో చేరినవి. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పొదలలో కొంతభాగమును చెరిపినప్పుడు అభ్యంతరములు లేచి, కాలువ దారి మార్చబడినది. కాలువనీటికి ఎదురుచూచు రైతు అవసరము చిన్నది కాదు. అయినను పొదలనేలకు లెక్కలో ఒక స్థానము దొరకినది.

ఆ తరువాత పలు సంవత్సరములు కలివికోడి జాడ నిశ్చయముగా తెలియరాలేదు. 2025 ఆగస్టులో పక్షిపరిశీలకులు కొందరు ఆంధ్రప్రదేశ్‌లో దాని కూతను మరల రికార్డు చేసిరి. రెండు స్వరముల చిన్న కూత అది. ప్రొద్దుగూకిన కొంతసేపటికి, పొదలు నల్లబడు వేళ, కొద్ది నిమిషములపాటు వినవచ్చి ఆగిపోవును.