సన్మానానికి ఆవల: సచిన్ సంస్థానం, సిద్దీల కళా వారసత్వం

సూరత్ నుండి నవసారి వైపు రైలులో ప్రయాణించే వారికి మార్గమధ్యంలో సచిన్ అనే స్టేషను తగులుతుంది. ఈనాడు ఆ పేరు వినగానే ఎవరికైనా స్ఫురించేది పారిశ్రామిక వాడ, మరమగ్గాల చప్పుడు, అద్దకపు కర్మాగారాలు. సూరత్ వస్త్ర పరిశ్రమను నమ్ముకొని తెలుగు ప్రాంతాల నుండి వలస వెళ్లి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలకు కూడా ఈ పేరు కొత్తది కాదు. అయితే ఈ ఊరు 1948 వరకు ఒక సంస్థానానికి కేంద్రమని, దానిని ఏలినవారు ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీ నవాబులని ఎరిగిన వారు తక్కువ.

పశ్చిమ తీరంలో జంజీరా ద్వీపదుర్గం ఆధారంగా సముద్రబలం కూడగట్టుకొన్న సిద్దీల చరిత్ర ప్రసిద్ధమైనది. ఆ గద్దెకు వారసుడైన బాలూ మియా 1791లో పీష్వాతో కుదుర్చుకొన్న ఒప్పందం ప్రకారం జంజీరాపై తన హక్కును వదులుకొని, బదులుగా సూరత్ సమీపంలోని గ్రామాలను పొందాడు. అదే సచిన్ సంస్థానం. బ్రిటిష్ వారి గ్రామాలు, బరోడా గ్రామాలు నడుమ నడుమ చొచ్చుకొని ఉన్న చిన్న రాజ్యం అది. పాలకులు ముస్లింలు, ప్రజల్లో అధికులు హిందువులు. ఆఫ్రికా సంతతి వాద్యకారులకు కూడా స్థానం ఉన్న ఆస్థాన బ్యాండు ఈ సంస్థానానికి ప్రత్యేకత. 1948లో ఇది బొంబాయి రాష్ట్రంలో విలీనమైనది.

సంస్థానం పోయినది, సముదాయం మిగిలినది. గుజరాత్, కర్ణాటక, గోవా, తెలంగాణ రాష్ట్రాల్లో సిద్దీలు నేటికీ ఉన్నారు. వారి కళను ఉత్సవ వేదికలు ఆదరిస్తున్నాయి, వారి చరిత్రను ప్రదర్శనశాలలు చూపుతున్నాయి, వారి సేవను పురస్కారాలు గుర్తిస్తున్నాయి. ఈ గౌరవాలన్నీ అభినందనీయమే. కాని ఒక సమాజాన్ని గౌరవించడం అంటే ఏమిటి, దాని కళను చూడటంతో ఆ బాధ్యత తీరుతుందా అన్నది విమర్శకులు మాత్రమే గాక, సాంస్కృతిక పాలనలో ఉన్నవారు సైతం ఆలోచించవలసిన విషయం.

సిద్దీల కళకు మూలస్థానం వేదిక కాదు, దర్గా. భరూచ్ జిల్లా ఝగడియా తాలూకాలోని రతన్‌పూర్ కొండపై బావా గోర్ దర్గా ఉన్నది. ఆఫ్రికా నుండి వచ్చి, ఆ ప్రాంతపు అకీకు రాళ్ల వ్యాపారానికి ఆద్యుడైన మహనీయుడుగా సంప్రదాయం ఆయనను కీర్తిస్తుంది. ఆయనతో పాటు సోదరి మాయీ మిశ్రా, సోదరుడు బావా హబష్ కూడా అక్కడ ఆరాధ్యులే. దర్గా సేవ సిద్దీలది, మొక్కుకొనే వారు అన్ని మతాల వారు. ముస్లింలతో పాటు హిందువులు, పార్సీలు అక్కడికి వస్తారు. ఎవరూ 'సర్వమత సమ్మేళనం' అని పేరు పెట్టకపోయినా అక్కడ జరిగేది అదే.

ఆ సన్నిధిలో ధమాల్ రెండు తీరులుగా సాగుతుంది. కూర్చుండి పాడే 'బైఠీ ధమాల్' మొదటిది, లేచి ఆడేది రెండవది. ఈ నృత్యానికి గల 'గోమా' అనే పేరు డోలుకు, నృత్యానికి కూడా వర్తించే స్వాహిలీ పదం 'న్‌గోమా' నుండి వచ్చినది. ముసిండో అనే డోలు, కొబ్బరి చిప్పతో చేసిన మాయీ మిశ్రా అనే గలగలలాడే వాద్యం, మలుంగా అనే ఏకతంత్రి విల్లు ఇందులో ప్రధానమైనవి. గానం క్రమంగా వేగం పుంజుకొని, భక్తి పారవశ్యంగా మారి, చివరకు దేహమంతా లయగా మారుతుంది. ఆడేవారు, చూసేవారు అన్న భేదం ఆ క్షణంలో చాలావరకు తొలగిపోతుంది.

ఇదే కళ ఉత్సవ వేదికను ఎక్కినపుడు జరిగే మార్పు గమనింపదగినది. నిర్ణీతమైన కొద్ది నిమిషాల వ్యవధిలో, మైకుల ముందు, రంగు దీపాల వెలుగులో కూర్చుండి పాడే భాగానికి చోటు చాలదు. నెమలి ఈకల వేషం, గెంతు, ఎగురవేసిన కొబ్బరికాయను తలతో పగులగొట్టే సాహసం ముందుకు వస్తాయి. చూపరుల కరతాళధ్వనులు సహజంగా ఆ కొబ్బరికాయకే దక్కుతాయి. మొక్కుగా సాగినది విన్యాసంగా మిగులుతుంది. ఇందులో కళాకారుల తప్పు లేదు. వేదిక వారికి జీవనోపాధిని, దేశవిదేశాల్లో గుర్తింపును ఇచ్చినది. యువతరం డోలు విడువకుండా ఉండటానికి అది కూడా ఒక కారణం. వేదికను నిరసించడం సులభం, కాని అది సిద్దీల నోటి వద్ద కూడు తీసివేయడమే అవుతుంది. కనుక వేదిక ఉండాలా, వద్దా అన్నది ప్రశ్న కాదు. వేదికపై ఆ కళను ఎట్లా పరిచయం చేస్తున్నాం, ఎంత వ్యవధి ఇస్తున్నాం, కళాకారులను ఏ పేరుతో పిలుస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న.

పేరు దగ్గరనే ఒక విచిత్రమైన వైరుధ్యం ఎదురవుతుంది. ఉత్సవాల్లో ఈ నృత్యాన్ని సాధారణంగా 'గిరిజన నృత్యం' అని ప్రకటిస్తారు. గుజరాత్ షెడ్యూల్డు తెగల జాబితాలో సిద్దీలు ఉన్న మాట నిజమే. కాని ఆ గుర్తింపు సౌరాష్ట్ర ప్రాంతానికి చెందిన అమ్రేలీ, భావనగర్, జామ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్, సురేంద్రనగర్ జిల్లాలకు పరిమితం చేస్తూ జాబితాలో చేర్చారు. బావా గోర్ సన్నిధి గల భరూచ్ గాని, సచిన్ గల సూరత్ గాని అందులో లేవు. అంటే రతన్‌పూర్ కళాకారుడు వేదికపై గిరిజనుడు. వేదిక దిగి ధ్రువపత్రం కోసం కార్యాలయానికి వెళితే కాడు. కర్ణాటకలో సైతం ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలకు ఈ గుర్తింపు 2003లో గాని రాలేదు. కళకు సరిహద్దులు లేవని ఉపన్యాసాల్లో చెప్పుకొంటాం. హక్కుకు మాత్రం జిల్లా సరిహద్దు అడ్డు వస్తుంది.

ప్రదర్శనశాల ఇచ్చే గౌరవం మరొక విధమైనది. న్యూయార్క్‌లోని నల్లజాతి సంస్కృతి పరిశోధనా సంస్థ షాంబర్గ్ కేంద్రం 2013లో 'భారతదేశంలో ఆఫ్రికన్లు: బానిసల నుండి సేనానులు, పాలకుల వరకు' అనే అర్థం గల శీర్షికతో ఒక ప్రదర్శన రూపొందించినది. 2014లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దానికి ఆతిథ్యమిచ్చినది. మాలిక్ అంబర్ వంటి సేనాని, జంజీరా, సచిన్ పాలకులు ఒకే వరుసలో కనిపించడం మన పాఠ్యపుస్తకాలు చేయలేని మేలు చేసినది. అయినప్పటికీ ఆ శీర్షికలోని ఆరోహణ క్రమం ఆలోచింపజేస్తుంది. పాలకుడైతేనే గౌరవార్హుడా? ఆస్థాన బ్యాండులో వాయించినవాడు, దర్గా మెట్లు ఊడ్చినది, అడవిలో కట్టెలు కొట్టి బ్రతికినవాడు ఆ క్రమంలో ఎక్కడ నిలుస్తారు?

సచిన్ చరిత్రలోనే దీనికి ఒక ఉదాహరణ లభిస్తుంది. భారతీయ చలనచిత్ర రంగంలో తొలి మహిళా దర్శకురాలుగా గుర్తింపు పొందిన ఫాతిమా బేగం 1926లో సొంత సంస్థను స్థాపించి 'బుల్‌బుల్-ఎ-పరిస్థాన్' అనే మూకీ చిత్రాన్ని నిర్మించారు. సచిన్ నవాబు మూడవ ఇబ్రహీం మహమ్మద్ యాకూత్ ఖాన్‌తో ఆమెకు గల సంబంధాన్ని సినిమా చరిత్రకారులు ప్రస్తావిస్తారు. కాని వివాహానికి గాని, ఆమె సంతానాన్ని నవాబు తన సంతానంగా అంగీకరించినట్లు గాని ఆధారపత్రాలు లేవు. ఆమె కుమార్తెల్లో ఒకరు సూరత్‌లో జన్మించిన జుబేదా. 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'కు నాయిక ఆమె.

ఆ చిత్రానికి దర్శకుడు పార్సీ అయిన అర్దెషిర్ ఇరానీ, నాయకుడు మాస్టర్ విఠల్. ఇరానీ వద్ద పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి మరుసటి ఏడాది 1932లో సురభి నాటక సమాజపు నటీనటులతో 'భక్త ప్రహ్లాద' తీసి తెలుగు టాకీకి నాంది పలికారు. చిన్న వేషంతో 'ఆలం ఆరా'లో కనిపించిన ఎల్.వి. ప్రసాద్ తరువాత కాలంలో తెలుగు చిత్రసీమకు పెద్దదిక్కు అయినారు. జుబేదా స్వయంగా హైదరాబాదుకు చెందిన ధన్‌రాజ్‌గీర్ వంశంలో కోడలైనారు. ఒక్క చిత్రం చుట్టూ ఇన్ని మతాలు, ఇన్ని భాషలు చేరడానికి ఏ సమైక్యతా సభా అవసరం కాలేదు; కలిసి చేయవలసిన పని ఉండటమే చాలినది. విచారకరమైన అంశం ఏమనగా 'బుల్‌బుల్-ఎ-పరిస్థాన్', 'ఆలం ఆరా' రెండింటి ప్రతులూ నేడు లభ్యం కావు. రాజపత్రాల్లో చోటు దొరకని తల్లి పేరు చిత్రచరిత్రలో నిలిచినది, చిత్రం నిలువలేదు. స్మారకోత్సవాలకు వెచ్చించే శ్రద్ధలో కొంత భద్రపరచడం మీద పెట్టి ఉంటే ఈ నష్టం తప్పేదేమో.

తెలుగు పాఠకులకు సిద్దీల కథ దూరదేశపు వింత కాదు. వనపర్తి సంస్థానాధీశుని కొలువు నుండి నిజాము సేనలోకి చేరిన ఆఫ్రికన్ ఆశ్వికదళమే హైదరాబాదులో ఒక పేటకు ఏ.సి. గార్డ్స్ అనే పేరు మిగిల్చినది. సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత దళం రద్దయినది. జీవనం కోసం మర్ఫా డోళ్లు పట్టిన కుటుంబాలు ఎన్నో. హైదరాబాదులో హిందువుల పెళ్లి ఊరేగింపులోనైనా, ముస్లింల బరాత్‌లోనైనా మర్ఫా మ్రోగనిదే సందడి ఉండదు. ఇక్కడ గుర్తింపు కొంత ముందడుగు వేసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాల జాబితాలో 'సిద్దీ, యాబా, హబ్షీ, జాసీ' అని వీరిని పేర్కొన్నది. ఊరేగింపులో వాయించే చేతికి పత్రంలో ఒక వరుస దక్కడం చిన్న విషయం కాదు.

సేవారంగంలో వచ్చిన గౌరవం ఈ సందర్భంలో విశిష్టమైనది. గిర్ అడవుల సమీపంలోని జంబూర్ గ్రామానికి చెందిన హీర్‌బాయి లోబీ తన సముదాయపు స్త్రీల ఆర్థిక స్వావలంబనకు, పిల్లల చదువుకు చేసిన కృషికి 2023లో పద్మశ్రీ పొందారు. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆమెకు రేడియో కార్యక్రమాలే తొలి పాఠశాల. ఈ పురస్కారం వెనుక రాజవంశం లేదు, నెమలి ఈకలు లేవు, కొబ్బరికాయ లేదు. ఉన్నది బాలవాడి, పొదుపు, సేంద్రియ ఎరువు. ఒక సముదాయాన్ని దాని నిత్యజీవితపు పనిని బట్టి గౌరవించిన అరుదైన సందర్భం ఇది.

గౌరవానికి, సమానత్వానికి గల సంబంధాన్ని మార్టిన్ లూథర్ కింగ్ ఒక అనుభవంతో వివరించారు. 1959లో ఆయన నెలరోజులు భారతదేశంలో పర్యటించినపుడు, కేరళలో ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఆయనను విద్యార్థులకు 'మీవంటి అస్పృశ్యుడు' అని పరిచయం చేశారట. మొదట నొచ్చుకొన్నా, తరువాత ఆ మాటలోని సత్యాన్ని అంగీకరించానని 1965 నాటి ప్రసంగంలో ఆయన చెప్పారు. పూలదండ కంటే ఆ పరిచయం గొప్పది. ఎందుకనగా అది అతిథిని ఎత్తైన పీఠం మీద కూర్చుండబెట్టలేదు, పక్కన నిలబెట్టుకొన్నది. సచిన్‌కు సమీపంలోని డిండోలీ, వాంజ్ గ్రామాల మీదుగానే 1930 ఏప్రిల్‌లో దండి యాత్ర సాగినదన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోదగినది. ఆ నేలకు నడక ద్వారా హక్కును అడగటం తెలుసు.

సిద్దీల కళను గౌరవించే సభలు ఇక ముందు కూడా జరుగుతాయి, జరగాలి. ఆ సభల్లో బైఠీ ధమాల్‌కు తగిన వ్యవధి ఇవ్వడం, మలుంగా వంటి వాద్యాలను నేర్పే పెద్దలకు శిష్యులను కుదిర్చి వేతనం ఏర్పాటు చేయడం, జిల్లా సరిహద్దుల వల్ల నిలిచిపోయిన గుర్తింపును పునఃపరిశీలనకు తీసుకోవడం సాంస్కృతిక, సంక్షేమ శాఖలు కలిసి చేయదగిన పనులు. కళాకారుని భుజంపై శాలువా కప్పిన మరునాడు అతడే తన బిడ్డ చదువు కోసం దరఖాస్తుతో కార్యాలయానికి రావచ్చు. ఆనాడు అతనికి లభించే సమాధానమే ఆ సన్మానం విలువను నిర్ణయిస్తుంది.